కమాను పట్టీ మీద దిగే విమానం

గోదావరిఖనిలో బొగ్గు లారీలు బాగుచేసే మెకానిక్‌కి సెస్నా 172 విమానం చూపిస్తే అతని చూపు రెక్కల మీదికి పోదు, కాళ్ల దగ్గరే ఆగుతుంది. ‘ఇది మన కమాను పట్టీయే కదా’ అంటాడు. అతనన్న మాట నిజమే.

ఆ కాలు స్టీవ్ విట్‌మన్ ఆలోచన. ఆయన అమెరికాలోని ఆష్‌కాష్‌లో రేసు విమానాలు స్వయంగా తయారుచేసి నడిపినవాడు. ఆ రోజుల్లో చాలా చిన్న విమానాల చక్రాలకు గొట్టాలు, కీళ్లు, రబ్బరు తాళ్లు ఉండేవి. విట్‌మన్ వాటన్నిటినీ పక్కనపెట్టి, స్ప్రింగు ఉక్కును వంచి పొట్ట కింద బిగించాడు. సెస్నా కంపెనీ ఆ హక్కులు కొనుక్కుంది. 1956లో వచ్చిన 172 ఆ కాళ్ల మీదే నిలబడింది. తర్వాత పట్టీ పోయి ఉక్కు గొట్టం వచ్చినా సూత్రం మారలేదు. ఆ కాలిలో నూనె లేదు, సీలు లేదు, అరిగిపోయే కీలు లేదు. అందులోని పనితనమంతా ఏమేమి వదిలేశారన్న దాంట్లోనే ఉంది.

వదిలేసినదానికి మూల్యమూ ఉంది. లారీ కమానులో పట్టీలు ఒకదానితో ఒకటి రాసుకుని కుదుపును కొంత మింగేస్తాయి. ఒంటి పట్టీకి ఆ సౌకర్యం లేదు. నేల తాకగానే కాళ్లు విచ్చుకుని, టైర్లు పక్కలకు జారి, ఆ రాపిడిలో కొంత బలం పోతుంది. మిగిలినదాన్ని ఉక్కు తిరిగి పైకే తంతుంది. ముక్కు చక్రం తీరు వేరు. అందులో గాలీ నూనే ఉంటాయి. సింగరేణి ఓపెన్‌కాస్టుల్లో తిరిగే భారీ డంపర్ల నైట్రోజన్ సిలిండర్లకు అది చుట్టం. సన్నటి రంధ్రంలోంచి నూనె దూరుతూ దెబ్బను వేడిగా మార్చేస్తుంది. కానీ ముక్కు కాలు పెద్ద బరువు మోయడానికి చేసింది కాదు.

రామగుండం పక్కన బసంత్‌నగర్‌లో సిమెంటు ఫ్యాక్టరీని ఆనుకుని చిన్న రన్‌వే ఉంది. 1980ల్లో వాయుదూత్ విమానాలు అక్కడ దిగేవి. అలాంటి పొట్టి రన్‌వే మీదికి వేగం తగ్గకుండా వచ్చిన పైలట్‌కి, ముందున్న నేల అయిపోతోందన్న కంగారు పుడుతుంది. విమానం ఇంకా ఎగరగల వేగంలో ఉండగానే ముక్కు దించి బలవంతంగా నేలకు ఆనిస్తాడు. ముక్కు చక్రం ముందు తగిలి విమానం పైకి లేస్తుంది. అతను మళ్లీ ముక్కు దించుతాడు. ఈసారి దెబ్బ ఇంకా పెద్దది. రెండు మూడు గెంతుల్లో ముక్కు కాలు విరగడమో, ప్రొపెల్లర్ నేలను గీరడమో జరుగుతుంది. మొదటి గెంతుకే ఇంజను పూర్తి శక్తికి పెంచి, పైకి లేచి, మరో చుట్టు తిరిగి రావడమే దీనికి విరుగుడు.

గట్టిగా దిగిన విమానాన్ని పరీక్షించే అనుభవజ్ఞుడు కాలు నిటారుగా ఉందని తృప్తి పడడు. ఇంజను వెనకున్న రేకు గోడ మీద ముడతల కోసం వేళ్లతో తడుముతాడు. లారీ గోతిలో పడి వస్తే మన మెకానిక్ కూడా కమానును ఒక్కసారి చూసి, ఛాసిస్ కిందికి దూరతాడు.