ఆ గొంతు ఎవరిది?

1977 ఆగస్టులో ఉత్తర లండన్‌లోని ఎన్‌ఫీల్డ్‌లో, భర్త నుంచి విడిపోయి నలుగురు పిల్లల్ని ఒంటరిగా పెంచుకుంటున్న ఒకామె ఇంట్లో గోడల్లోంచి చప్పుళ్లు వినిపించాయి. సామాన్లు కదిలాయి. మన పల్లెల్లో అయితే బాణామతి అనేవాళ్లు. అక్కడ పోల్టర్‌గైస్ట్ అన్నారు. ముందు పోలీసులు, తర్వాత విలేకరులు, చివరికి సైకికల్ రీసెర్చ్ సొసైటీ నుంచి మారిస్ గ్రోస్, గై లయన్ ప్లేఫెయిర్ వచ్చారు. పదకొండేళ్ల కూతురి నోట ముసలి మగగొంతు పలకసాగింది.

ప్లేఫెయిర్ 1980లో రాసిన పుస్తకం ఆధారంగా స్కై లివింగ్ చానెల్ 2015లో 'ది ఎన్‌ఫీల్డ్ హాంటింగ్' అనే మూడు భాగాల నాటకం ప్రసారం చేసింది. దయ్యం నిజమా అబద్ధమా అన్నది పక్కన పెడదాం. ఈ కథ ఎవరిదిగా మారిందన్నదే నన్ను వేధిస్తోంది.

గ్రోస్ కూతురు 1976లో రోడ్డు ప్రమాదంలో చనిపోయింది. ఆమె పేరూ ఈ పిల్ల పేరూ ఒకటే. టీవీ రచయితకి ఇంకేం కావాలి! బిడ్డను పోగొట్టుకున్న తండ్రిగా తిమోతీ స్పాల్ గొప్పగా నటించాడు, కాదనను. కానీ ఆ దుఃఖం కథ నడిమధ్యకి రాగానే, బతికున్న పిల్ల చనిపోయిన పిల్లని చేరే దారిగా మిగిలిపోయింది. ఒంటరి తల్లి బతుకు, ఆమెకి ఇంకో ఇల్లు దొరకని స్థితి, ఇవన్నీ భయానికి నేపథ్యమయ్యాయి.

ఆ గొంతు నిజంగా పిల్లదేనా అని తేల్చడానికి ఆమె నోట్లో నీళ్లు పోసి, పెదాలకి ప్లాస్టర్ అంటించి పరీక్షించారు. మాట్లాడమంటూనే నోరు మూసే ఈ పరీక్ష మనకి కొత్తేమీ కాదు. అప్పుడప్పుడు కొన్ని తామే చేశామని, పరిశోధకులు పట్టుకుంటారో లేదో చూడాలనుకున్నామని ఆ పిల్ల తర్వాత టీవీలోనే చెప్పింది. అంటే ఎవరు ఎవర్ని పరీక్షిస్తున్నారు? తన మీద పెట్టిన కళ్లని తిరిగి చూసిన ఈ అల్లరి, తెలివి నాకు దయ్యంకన్నా ఆసక్తికరం. కానీ నాటకానికి అది 'నిజమా, మోసమా' అన్న ఉత్కంఠకే పనికొచ్చింది.

2023లో యాపిల్ టీవీ ప్లస్ కోసం జెర్రీ రాత్‌వెల్ తీసిన డాక్యుమెంటరీలో అప్పటి టేపులే వినిపిస్తాయి. ఆ మాటలకి నటులు పెదాలు కదుపుతారు. తల్లి అలసట, పిల్లల నవ్వులు, పరిశోధకుల ఓపిక తెగిన ప్రశ్నలు చెవిన పడతాయి. ఒకరి గొంతు ఇంకొకరి శరీరంలోంచి రావడం ఇక్కడా ఉంది. తేడా ఏమిటంటే, ఈసారి అరువు తెచ్చుకున్నది శరీరాన్ని. గొంతు మాత్రం ఆ పిల్లదే.