బురద చేపల ఇంటిపేర్లు

వేసవిలో కాలవలు కట్టేశాక కృష్ణా డెల్టా బోదెల్లో నీళ్ళు రోజురోజుకీ తీసిపోతాయి. శీలావతి, బొచ్చె లాంటివి నీళ్ళతోపాటే పెద్ద కాలవలోకి జారుకుంటాయి, జారుకోలేనివి చచ్చి తేలతాయి. ఇంగిలాయి, మార్పు, జెల్ల మాత్రం ఎక్కడికీ పోవు. ముట్టె కిందికి పెట్టి బురదలోకి దిగిపోతాయి. కొర్రమీను, మట్టగిడస కూడా బురదలో బతికేవే గాని వాటి వంశం వేరు, వాటికి పొలుసుంటుంది. ఈ మూడింటికీ పొలుసు లేదు, మీసాలూ ముళ్ళూ ఉన్నాయి. ప్రపంచంలో 4 వేలకు పైగా జాతులున్న మీసాల చేపల వర్గంలో ఇవి మన పొలాల పక్కనే కాపురముండేవి.

వీటిని పట్టే విద్య గుడివాడ చుట్టుపక్కలా, బందరు పల్లపు ఊళ్ళలోనూ, దివిసీమలోనూ ఎక్కువగా యానాదుల చేతుల్లో ఉంది. ముందు బోదెకి రెండు చోట్ల మట్టితో అడ్డుకట్ట వేస్తారు. మధ్యలో ఉన్న నీళ్ళను పూర్వం గూడ వేసి తోడేవారు. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి తాళ్ళు పట్టి, ఒకే ఊపులో గూడను ముంచి ఎత్తి గట్టు అవతల పోయాలి. ఇప్పుడా పని ఇంజను చేస్తోంది. నీళ్ళన్నీ తోడెయ్యరు, పైన పల్చగా ఒక పొర ఉంచుతారు. ఇంగిలాయి, మార్పు గాలి పీల్చడానికి పైకొస్తాయి, వదిలిన గాలి బుడగై తేలుతుంది. బుడగ లేచిన చోట ఊత బుట్ట దించి, పైనున్న కంతలోంచి చెయ్యి పెడతారు. ఊత లేకపోతే ఉత్త చేతులే.

బురదలో కంటికేమీ కనపడదు, కాబట్టి ఏ చేపో వేళ్ళే చెప్పాలి. తల వెడల్పుగా, బల్లపరుపుగా, ఎముకలాగే గట్టిగా తగిలి, వీపు మీది రెక్క మెడ దగ్గర మొదలై తోక దాకా సాగిందంటే అది మార్పు. వీపంతా నున్నగా ఉండి, ముందువైపు చిటికెడంత రెక్క మాత్రమే ఉంటే ఇంగిలాయి. వీపు మీద కూడా ఒక ముల్లు నిలబడి, దాని వెనక ఎముక లేని మెత్తటి కండరెక్క తగిలితే జెల్ల. జెల్ల పట్టుబడగానే పక్కముల్లును దాని కీలులో రాపాడించి కిర్రుమంటుంది కూడా. ఇదంతా ఒక్క క్షణంలో తేలిపోవాలి, ఎందుకంటే పట్టు తప్పితే ముల్లు దిగుతుంది.

ఆ ముల్లు సంగతి కాస్త వివరంగా చెప్పాలి. భయపడ్డ చేప తల పక్కనున్న రెండు ముళ్ళనూ అడ్డంగా విప్పి నిలబెడుతుంది. ముల్లు మొదట్లోని ఎముక, భుజం ఎముక గాడిలో బిగుసుకుపోతుంది, తోస్తే వంగదు. అందుకే అనుభవమున్న చెయ్యి తోక వైపు నుంచి ఒంటి వెంట ముందుకు జరుగుతూ, ముళ్ళ వెనకగా వేళ్ళు పోనిచ్చి తలను అదుముతుంది. ఇంగిలాయి ముల్లులో విషముంది. గుచ్చితే గంటల తరబడి సలుపు. చెయ్యి ఓర్చుకోగలిగినంత వేడి నీళ్ళలో పెడితే నొప్పి తగ్గుతుంది, ఎందుకంటే ఆ విషంలోని ప్రోటీన్లు వేడికి చెడిపోతాయి. పట్టిన వెంటనే ముళ్ళు విరిచేసి బుట్టలో వేస్తారు. ఇంట్లో బూడిద పట్టించి రుద్దితే జిగురు వదులుతుంది, తర్వాత పులుసే.

యానాది వేళ్ళు తడిమి చూసే గుర్తులూ, శాస్త్రజ్ఞులు పుస్తకాలకెక్కించిన గుర్తులూ ఒకటే. వీపురెక్క పొడవు, కండరెక్క ఉందా లేదా, తలమీది ఎముక తీరు, ఇవే ఆ గుర్తులు. జర్మనీ శాస్త్రజ్ఞుడు బ్లోఖ్ 1794లో ఇంగిలాయిని వర్ణించాడు. ఆయనకు చేరిన చేప తమిళ తీరంలోని తరంగంబాడిది. మన తెలుగు తీరం వంతు 1803లో వచ్చింది. విశాఖపట్నంలో పనిచేసిన పాట్రిక్ రస్సెల్ అక్కడి చేపలు రెండు వందలకు బొమ్మలు వేయించి, జాలర్లు చెప్పిన తెలుగు పేర్లతోనే అచ్చు వేయించాడు. అది మన జాలర్లకు దక్కిన గౌరవమనే నేననుకుంటాను.

మార్పు కథలో పొరపాటు చాలాకాలం సాగింది. 1822లో హామిల్టన్ అనే శాస్త్రజ్ఞుడు గంగానది చేపల పుస్తకంలో దానికి మాగుర్ అనే స్థానిక పేరునే శాస్త్రీయ నామంగా పెట్టాడు. తర్వాతి వాళ్ళు అంతకు ముందే లిన్నేయస్ పేరు పెట్టిన బట్రాకసూ, ఇదీ ఒకటేనని కలిపేశారు. 2008లో హ్యోక్ హీ ఎన్‌జి, మారిస్ కొట్టెలా ఆ పాత పేరు జావా చేపదని తేల్చాక మన మార్పుకి క్లారియస్ మాగుర్ అన్న పేరు తిరిగి దక్కింది.

వీటి పుట్టుపూర్వోత్తరాల్లో అసలు విశేషం ఊపిరిలో ఉంది. మార్పుకి మొప్పల పైన చెట్టుకొమ్మల్లా చీలిన ఎర్రటి అవయవం ఉంటుంది. ఇంగిలాయికి మొప్పల గదిలోంచి రెండు పొడుగాటి గొట్టాలు వెన్నుపూసకి ఇరువైపులా కండలోంచి తోక వైపుకి చాలా దూరం పోతాయి. చూడటానికి ఎంత వేరుగా ఉన్నా, జన్యు పోలికలు ఈ రెంటినీ దగ్గరి దాయాదులుగా చూపిస్తున్నాయి. అందుకే కొందరు శాస్త్రజ్ఞులు వీటిని ఒకే ఇంటిపేరు కిందికి తెస్తారు, కొందరు వేరు కాపురం పెట్టిస్తారు. జెల్ల దూరపు చుట్టం. దానికిలాంటి గాలి అవయవమేమీ లేదు, బురదలో వాటి పక్కన చేరినా వాటంత కాలం తట్టుకోలేదు.

గాలి దొరికినంత మాత్రాన బురదలో బతుకు సాగదు. చేప ఒంట్లో పుట్టే అమ్మోనియాను మామూలుగా నీళ్ళు కడిగేస్తాయి. నీళ్ళు లేనప్పుడు అది విషమవుతుంది. ఇంగిలాయి దాన్ని మనలాగే యూరియాగా మార్చుకోగలదని 1980లలో షిల్లాంగ్‌లోని నార్త్ ఈస్టర్న్ హిల్ యూనివర్సిటీ పరిశోధకులు చూపించారు. ఆఫ్రికా చిత్తడి నేలల్లో మార్పు వంశం ఇంకో దారి పట్టింది. అక్కడ పాములా సన్నగా సాగిన ఒళ్ళు ఒక్కసారి కాదు, వేర్వేరు శాఖల్లో మళ్ళీ మళ్ళీ పుట్టుకొచ్చింది. బురదలో దూరేవాటికి ఆ ఒళ్ళు కలిసొచ్చింది.

ఇక్కడ, తొలకరి నీళ్ళు పడగానే మార్పులూ ఇంగిలాయిలూ పారుదలకి ఎదురెక్కి వరిచేలల్లోకి గుడ్లు పెట్టడానికి వస్తాయి. గట్టు గండి దగ్గర మావు అనే చేపల బోను పెడితే అవన్నీ అందులో పడతాయి. ఎండాకాలపు తడుములాటకీ దీనికీ చాలా తేడా ఉంది. అక్కడ ఎండిపోబోయే మడుగులో చేపను తీస్తున్నాం, ఇక్కడ కడుపుతో ఉన్నదాన్ని ఆపుతున్నాం. రెండోది మానుకోవాలని గట్టిగా చెప్తాను. పొలాల్లో పురుగుమందులు, కాలవలకి సిమెంటు, పొలాలే చెరువులైపోవడం, ఇవన్నీ కలిసి ఇప్పటికే బురద జాగా తగ్గించేశాయి. ఆఫ్రికా మార్పుని 2000లో కేంద్రం నిషేధించినా పెంపకం ఆగలేదు. మన మార్పు అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం ఎర్రజాబితాలో అంతరించే ప్రమాదమున్న జాతిగా నమోదైంది. భువనేశ్వర్‌లోని మంచినీటి చేపల పరిశోధన సంస్థ దీనికి సూదిమందుతో పిల్ల తీయించే పద్ధతి రూపొందించింది గాని, మగచేప పాలు పిండితే రావు, దాన్ని కోసి తీయాలి. పిల్ల ఖరీదు కావడానికి అదీ ఒక కారణం.

కేరళలో మార్పు వంశానికే చెందిన గుడ్డి చేపలు, వేలెడంతవి, భూగర్భ జలాల్లో ఉంటాయి. ఇంటి బావుల్లోంచి జనం తెచ్చిచ్చిన చేపల ఆధారంగా 2023లో అందులో ఒక కొత్త జాతిని గుర్తించి, ఆ జనానికే అంకితంగా హోరాగ్లానిస్ పోపులి అని పేరు పెట్టారు. మన దగ్గర చంద్రయ్య డ్రెయిన్‌లో దొరికే జెల్లా, నాగాయలంక ఉప్పునీటి పాయల్లో దొరికే జెల్లా ఒకటేనా, ఎన్ని రకాలు, ఏ ఊళ్ళో ఏ పేరు అని అడిగితే, చెప్పగలిగిన మనుషులు ఇంకా బోదెల్లోనే ఉన్నారు. బందరులో కృష్ణా విశ్వవిద్యాలయం ఉంది. కాలవలు కట్టేసిన నెలలో విద్యార్థులు అడ్డుకట్టల దగ్గరికి వెళ్ళి, చేప పట్టిన మనిషి చెప్పిన పేరూ, చేప కొలతలూ, ఆ బోదె పేరూ ఒకే కాగితం మీద రాసుకుంటే చాలు. రెండు మూడు వేసవుల్లో మన డెల్టాకి సొంత పట్టిక తయారవుతుంది, అందులో యానాదుల పేర్లు సాక్షులుగా కాదు, రచయితలుగా ఉండాలి.