ఆకలి కోసం ఆగొద్దు

కడుపు క్యాన్సర్‌కు ఆపరేషన్ చేయించుకుని ఇంటికి చేరిన మనిషిని చూడటానికి చేవెళ్ల వైపున్న మా ప్రొద్దుటూరులో ఎవరూ వట్టి చేతులతో రారు. బత్తాయిలు, ద్రాక్ష, గ్లూకోజ్ డబ్బా, హార్లిక్స్ సీసా. మా చిన్నమ్మకూ అన్నీ తెచ్చారు. అవన్నీ ప్రేమకొద్దీ తెచ్చినవే. కానీ వాటిలో చాలావరకు అప్పుడు ఆమెకు పడనివే.

కడుపు మొత్తం తీసేసినప్పుడు అన్ననాళాన్ని చిన్నపేగుకు కలిపి కుడతారు. తిన్నదాన్ని కాసేపు పట్టి ఉంచి, మెదిపి, కొద్దికొద్దిగా కిందికి వదిలే అవయవం ఇక ఉండదు. గ్లూకోజ్ నీళ్లు తాగితే నేరుగా పేగులో పడతాయి. చిక్కటి తీపి ఒంట్లోని నీటిని పేగులోకి గుంజుతుంది. అరగంట తిరక్కుండానే గుండెదడ, చెమటలు, కడుపులో మెలిపెట్టే నొప్పి, విరేచనాలు. అంతటితో అయిపోదు. రక్తంలోకి ఒక్కసారిగా చేరిన చక్కెరకు ఇన్సులిన్ ఎక్కువగా ఊరి, గంట నుంచి మూడు గంటల్లోపు ఆ చక్కెరను మరీ కిందికి దించేస్తుంది. చేతులు వణుకుతాయి, కళ్లు తిరుగుతాయి. డాక్టర్లు దీన్ని డంపింగ్ అంటారు. తిన్న కాసేపటికే మనిషి అలా డీలా పడితే ‘నీరసమొచ్చింది’ అనుకుని మళ్లీ గ్లూకోజే కలిపిచ్చే ఇళ్లున్నాయి.

కడుపు లేకుండా బతకడం కొత్తేమీ కాదు. 1897లో జూరిక్‌లో కార్ల్ ష్లాటర్ అనే సర్జన్ ఒక మహిళకు కడుపు పూర్తిగా తొలగించాడు. ఆమె ఏడాదికి పైగా బతికింది. ఆ సంగతి చదివినప్పుడల్లా సర్జన్‌తో పాటు, పూటపూటకూ ఆమెకు తినిపించిన చేతులు కూడా నా మనసులో మెదులుతాయి.

‘‘కడుపే లేదంటిరి, మరి ఆకలి యాడికెల్లి అయితది బిడ్డా?’’ అని చిన్నమ్మ అడిగింది. సరైన ప్రశ్న. ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోన్ ఎక్కువగా తయారయ్యేది కడుపులోనే. జపాన్ శాస్త్రవేత్తలు దాన్ని 1999లో కనుగొన్నారు. కడుపు పోతే ఆ పిలుపూ సన్నగిల్లుతుంది. అందుకే ‘ఆకలైనప్పుడు తింటది తియ్’ అని ఊరుకుంటే మనిషి చిక్కిపోతూనే ఉంటుంది. గడియారం చూసి పెట్టాలి. రోజుకు ఆరేడుసార్లు, ప్రతిసారీ చిన్న గిన్నెలో. మనవైపు కంచం నిండా వడ్డిస్తేనే మర్యాద. ‘ఇంకో ముద్ద’ అని బతిమాలితేనే ప్రేమ. ఇలాంటి రోగి ఉన్న ఇంట్లో ఆ అలవాటు మానుకోవడమే వండేవాళ్లకు అన్నిటికంటే కష్టం.

మొదటి రోజుల్లో ద్రవాలు, తర్వాత మెదిపినవి, ఆ తర్వాత మెత్తటివి అని డాక్టర్లే వరుస చెప్తారు. ఆ దశ దాటాక కూడా బెల్లం వేసిన పలచటి రాగిజావే బలమని పట్టుకు కూర్చోవద్దు. జావ జారినంత వేగంగా ముద్ద జారదు. మా ఇంట్లో జొన్నరొట్టె గట్టి అంచులు తీసేసి, నడిమి మెత్తటి భాగాన్ని పాలకూర పప్పులో నానబెట్టేవాళ్లం. వేళ్లతో నొక్కితే మెదిగిపోయేదాకా ఆగి, అప్పుడు పెట్టేవాళ్లం. పక్కన ఉడికిన గుడ్డు సగం, లేదంటే ముల్లు తీసిన చేప, కాస్త పెరుగు. చేవెళ్ల సంతలో దొరికే క్యారెట్, బీట్‌రూట్ పచ్చివి వద్దు, ఉడికించి మెదిపి పెట్టాలి. నీళ్లు అన్నంతో పాటు వద్దు, అరగంట ఎడంగా గుక్కగుక్కగా తాగించాలి. తినడం నిదానంగా సాగాలి, నమిలి నమిలి మింగాలి. రాత్రి తినగానే వెల్లకిలా పడుకోనీయకుండా వెన్నుకు దిండ్లు పెట్టాలి.

వంటతో తీరని లోటు ఒకటుంది. బి12 విటమిన్ ఒంటికి పట్టడానికి కావాల్సిన పదార్థం కడుపులోనే ఊరుతుంది. లివర్‌లో నిల్వ ఉన్నది కొన్నేళ్లు వస్తుంది కాబట్టి లోటు వెంటనే బయటపడదు. మనిషి కోలుకుంది, తిరుగుతోంది, ఇంక బి12 సూది ఎందుకనిపిస్తుంది. కానీ కడుపు పూర్తిగా తీసినవాళ్లకు ఆ బి12 వైద్యం జీవితాంతం ఉండాల్సిందే. ఐరన్ మాత్ర వేసుకుంటుంటే దాన్ని చాయ్‌తో మింగించొద్దు, ఐరన్ సరిగా పట్టదు.

వారానికోసారి బరువు చూసి రాసిపెట్టండి. మొదట్లో తగ్గడం మామూలే. తగ్గుతూనే పోతున్నా, ముద్ద గొంతు దిగకపోయినా, తిన్న ప్రతిసారీ వాంతి అవుతున్నా, విరేచనం తారులా నల్లగా కనిపించినా రివ్యూ తేదీ దాకా ఆగకుండా అదే రోజు బయల్దేరండి. రాసిన బరువుల కాగితం కూడా వెంట పట్టుకెళ్లండి.