మేలట్టూరు మేళము - మన ఉత్సవములు

చిన్న యూరిలో కళోత్సవమును నడుపుట యెట్లు అను ప్రశ్న మన సమాజముల కార్యవర్గములలో ఏటేట వినబడుచుండును. ధనము చాలదనియు, పేరుగల కళాకారులు రారనియు, యువకులకు ఆసక్తి లేదనియు చెప్పుకొనుట పరిపాటి. ఈ మాటలలో నిజమెంతయో తెలిసికొనగోరువారు తమిళనాడున తంజావూరునకు సమీపమున నున్న మేలట్టూరు గ్రామమును చూడవలెను. అచ్చట నృసింహ జయంతికి తెలుగు నాటకములు ఆడుచున్నారు. ఆ భాగవత మేళమును కొనియాడినవారు పెక్కుమంది కలరు. అందలి బలమెద్దియో, కొరత యెద్దియో విడదీసి చూచుటయే ఈ వ్యాసమున నా పని.

తంజావూరు నాయకరాజులలో అచ్యుతప్ప నాయకుడు ఈ గ్రామమును 510 బ్రాహ్మణ కుటుంబములకు దానమిచ్చెనని సంప్రదాయము చెప్పుచున్నది. నాయకుల రాజ్యము 1673లో అంతరించినను తెలుగు అంతరింపలేదు. పిమ్మట వచ్చిన మహారాష్ట్ర ప్రభువులును దానిని ఆస్థాన సాహిత్యభాషగా ఆదరించిరి. 1684 నుండి 1712 వరకు ఏలిన శాహజీ స్వయముగా తెలుగున యక్షగానములు రచించెను. ఈ వాతావరణము పండించిన ఫలమే మేలట్టూరు వేంకటరామశాస్త్రి. ఆయన త్యాగరాజస్వామికి వయసులో పెద్దయగు సమకాలికుడు. ప్రహ్లాద చరిత్రము, ఉషాపరిణయము, హరిశ్చంద్ర, రుక్మాంగద, మార్కండేయ మొదలగు ఆయన నాటకములే నేటికిని ఆ గ్రామపు ఉత్సవమునకు ప్రాణము.

మొదట బలమును చెప్పెదను. ఉత్సవపు దినము మారదు, స్థలము మారదు, జయంతినాటి రాత్రి ప్రహ్లాద చరిత్రమే ఆడవలెను. ఈ విషయములపై చర్చకు తావులేదు. నటులు కూలికి వచ్చినవారు కారు. పెక్కుమంది ఉద్యోగములకై నగరములలో నుండి, ఉత్సవమునకు స్వగ్రామము చేరుదురు. నాటకము ప్రారంభమున కోణంగి వచ్చి జనులను నవ్వించును. తోడయమంగళము పాడిన పిదప గణపతి ముఖము ధరించి ఒక బాలుడు ప్రవేశించును. నా దృష్టిలో ఉత్సవ రహస్యమంతయు ఈ బాలునియందే కలదు. పెద్దవారు రంగమెక్కుటకు ముందే ఒక పసివానికి అందు పని కల్పించినారు. అట్టి బాలుడు పెరిగిన తరువాత ఉత్సవమును పరాయిదిగా నెట్లు తలచును? యువకులకు ఆసక్తి లేదనుట కంటె, మనము వారికి పని యీయలేదనుట సత్యమునకు దగ్గర.

అయినను ఇది తనంతట నిలిచిన ఉత్సవము కాదు. ఇరువదవ శతాబ్దపు తొలి దశాబ్దములలో సన్నగిల్లి, 1930ల చివర కొందరి పట్టుదలచేత మరల లేచినది. సాలియమంగళము, ఊత్తుకాడు, శూలమంగళము మొదలగు పరిసర గ్రామములందును ఇట్టి మేళములు ఉండెడివి. అన్నియు ఒకే తీరున నిలువలేదు. కావున సంప్రదాయము దానంతట బ్రతుకునను భ్రమ కూడదు.

ఇక కొరత. నటుల యిండ్లలోని వ్యవహారము నేడు చాలవరకు తమిళమే. తెలుగు పాఠమును తమిళ లిపిలో వ్రాసికొని వల్లించుట అలవాటైనది. ఆ లిపిలో ప, ఫ, బ, భ అను నాలుగింటికిని ఒక్కటే అక్షరము. ‘భారము’ అన్నను ‘పారము’ అన్నను వ్రాత ఒక్కటే. సంగీత గ్రంథములలో ఈ చిక్కు తీర్చుటకై అక్షరము చెంత 2, 3, 4 అను అంకెలు వేయు పద్ధతి కలదు. అంకె ఉచ్చారణను చూపగలదు గాని, అర్థమును చూపజాలదు.

దీని ఫలితము నాటకమునందే కనబడును. ప్రహ్లాదుని తల్లి లీలావతి భర్తకును కొడుకునకును నడుమ నలుగు ఘట్టము భాష తెలియనివారికిని హృదయమున తాకును. అది అభినయపు శక్తి. హిరణ్యకశిపునకును ప్రహ్లాదునకును జరుగు వాదము అట్టిది కాదు. దాని బలమంతయు మాటయందున్నది. మాట తెలియని ప్రేక్షకునకు అది తాళమునకు అనువైన గర్జనగా మాత్రమే వినబడును. భక్తి మిగులును, రాగము మిగులును, సాహిత్యము జారిపోవును. నటుల శ్రద్ధను తప్పుపట్టుట నా యభిప్రాయము కాదు. తెలుగు తమదికాని దినములలో తెలుగు నాటకమును కాపాడినవారికి మనము ఋణపడియున్నాము. కాని ఉత్సవము నిలుచుట వేరు, భాష నిలుచుట వేరు అని ఆ రంగస్థలమే మనకు చెప్పుచున్నది.

మన సమాజముల స్థితి దీనికి తలక్రిందులు. ఇంట తెలుగు ఇంకను వినబడుచున్నది. ఉత్సవమున మాత్రము మన చేతిపని లేదు. స్వాగతోపన్యాసము, శాలువలు, అద్దె వాద్యబృందముతో సినిమా పాటలు, పిదప భోజనము. జీవితమంతయు దస్త్రముల నడుమ గడపిన గుమాస్తాను గనుక నాకు పద్దులపై చూపు పోవును. పందిరికిని, ధ్వనివర్ధకములకును, అతిథుల ప్రయాణమునకును వ్రాసిన మొత్తముల ప్రక్కన పిల్లలకు పాఠము చెప్పుటకై ఒక పద్దు ఎన్ని సమాజముల లెక్కలలో నున్నది? అది లేనిచోట ధనము చాలదను మాట నాకు రుచింపదు.

మేలట్టూరును అచ్చముగా అనుకరింపుమని నేను చెప్పను. అచ్చట స్త్రీ పాత్రలను పురుషులే ధరింతురు. మన ఊళ్లలో నాట్యము నేర్చువారిలో బాలికలే యెక్కువ. వారిని వెలుపల నుంచి ఉత్సవము చేయలేము. అచ్చటి మేళము కొన్ని కుటుంబముల సొత్తు. మన సమాజములలో నేతగాండ్రు, రైతులు, వర్తకులు, ఉద్యోగులు అందరును కలరు. గ్రహింపవలసినది వేషము కాదు, ఏర్పాటు. ఏటికొక దినము స్థిరపరుపవలెను. ఒక్క తెలుగు కృతిని ఎన్నుకొని, కొన్ని యేండ్లు దానినే ఆడవలెను. ఉత్సవమునకు ముందు నెల దినములు పెద్దలు కూర్చుండి దానిని అర్థముతో చదివి చెప్పవలెను. ప్రదర్శననాడు పాఠమును తెలుగు లిపిలోను, స్థానిక లిపిలోను అచ్చొత్తి పంచవలెను. ఇరుగుపొరుగువారికిని అది ఆహ్వానమగును. మొదటి వేషము పసివారికీయవలెను.

ఇందులో దేనికిని ధనికుడగు పోషకుడు అక్కరలేదు. తెలుగు చదువగల పెద్దలు కావలెను. అట్టివారు ప్రతి యూరను ఇంకను కొందరు కలరు, ఏటేట తగ్గుచున్నారు. రాబోవు ఉత్సవమునకు ఎవరిని పిలువవలెనని ఆలోచించుటకు ముందు, వారిలో ఎవరిచేత ఏ పుస్తకము చదివింపవలెనో కార్యవర్గములు నిర్ణయించుట మంచిది.