“అంగీకరించడమైనది” అనే వాక్యంపై ఒక విమర్శ

అంకమధ్యమ పరీక్షకు సంబంధించిన లెక్క చేశాక “కాబట్టి శూన్య పరికల్పనను అంగీకరించడమైనది” అని ముగించడం మీకు అలవాటై ఉంటుంది. లెక్క సరిగానే ఉన్నా ఆ వాక్యం తప్పుదారి పట్టిస్తుంది. ఎలాగో ఒక ఊహాత్మక ఉదాహరణతో చూద్దాం.

హైదరాబాదులోని మొజంజాహీ మార్కెట్ పండ్ల ఐస్‌క్రీముకు ప్రసిద్ధి. అక్కడ ఒక దుకాణంలో కప్పు బరువు సగటున 100 గ్రాములని చెబుతున్నారనుకోండి. మీరు 16 కప్పులు తూచారు. అంకమధ్యమం 97 గ్రాములు, ప్రామాణిక విచలనం 8 గ్రాములు వచ్చాయి. ప్రామాణిక దోషం 8/√16 = 2. కాబట్టి టి = (97 – 100)/2 = –1.5. టి-పట్టికలో 15వ వరుసలో, 5 శాతం సార్థకతా స్థాయి వద్ద, రెండు వైపుల పరీక్షకు విలువ 2.131. గుర్తును పక్కన పెడితే 1.5 అంతకంటే తక్కువ. శూన్య పరికల్పనను తిరస్కరించలేం.

తిరస్కరించలేకపోవడం వేరు, అంగీకరించడం వేరు. ఇదే ప్రతిరూపంతో “సగటు 94 గ్రాములు” అనే పరికల్పనను పరీక్షించి చూడండి. టి విలువ ఈసారి +1.5, దానినీ తిరస్కరించలేం. మరి దానినీ అంగీకరిస్తారా? ఒకే దుకాణం కప్పు సగటున 100 గ్రాములూ, 94 గ్రాములూ ఎలా అవుతుంది?

ఇప్పుడు 64 కప్పులు తూచినా అవే 97, 8 వచ్చాయనుకోండి. ప్రామాణిక దోషం 1కి తగ్గి, టి –3 అవుతుంది. తిరస్కరిస్తాం. దుకాణదారు కప్పులో ఏమీ మార్చలేదు. మన సాక్ష్యం బలపడింది, అంతే. మొదటిసారే “అంగీకరించాం” అని ఉంటే, తక్కువ తూకానికి మనమే ధ్రువపత్రం ఇచ్చినవాళ్లమయ్యేవాళ్లం.

ఈ హెచ్చరిక కొత్తది కాదు. ఆర్.ఎ. ఫిషర్ 1935లో వెలువడిన ‘ది డిజైన్ ఆఫ్ ఎక్స్‌పెరిమెంట్స్’ గ్రంథంలోనే శూన్య పరికల్పన ఎన్నటికీ రుజువు కాదని స్పష్టంగా రాశాడు. (మన మార్కెట్ భవనం కట్టిందీ 1935లోనే!) నేమన్, ఇ.ఎస్. పియర్సన్‌లు “అంగీకరించు” అనే మాట వాడిన సంగతి నిజమే. వారి ఉద్దేశంలో అది నిజమని నమ్మడం కాదు, నిజమైనట్లు వ్యవహరించడం మాత్రమే. మన పాఠాల్లో మాట మిగిలింది, ఉద్దేశం జారిపోయింది.

కనుక మీ జవాబులో “తిరస్కరించడానికి ఈ ప్రతిరూపంలో తగిన సాక్ష్యం లేదు” అని రాయండి. పక్కనే 95 శాతం విశ్వాస అంతరం కూడా ఇవ్వండి: 97 ± 2.131 × 2, అంటే సుమారు 92.7 నుంచి 101.3 గ్రాములు. మనకు ఎంత తెలియదో అప్పుడు చదివేవారికి కనిపిస్తుంది.

పాఠ్యపుస్తకాలు సాధారణంగా అడగని ప్రశ్న ఇంకొకటి ఉంది. ఆ 16 కప్పులూ ఎక్కడివి? ఒకే సాయంత్రం ఒకే మనిషి నింపినవైతే వాటిని స్వతంత్ర పరిశీలనలుగా లెక్కించలేం. √16తో భాగించే హక్కే మనకు ఉండదు. వాటిని వేర్వేరు రోజుల్లో, వేర్వేరు వేళల్లో యాదృచ్ఛికంగా ఎంచుకుని ఉండాలి.