ప్రతీకార చిత్రంలో శైలి: బలం, పరిమితి

సెర్జియో లియోనే 1968లో తీసిన ‘వన్స్ అపాన్ ఎ టైమ్ ఇన్ ద వెస్ట్’ తొలి ఘట్టాన్ని గమనించండి. ముగ్గురు తుపాకీధారులు స్టేషన్‌లో రైలు కోసం ఎదురుచూస్తుంటారు. మాటలు దాదాపు లేవు. గాలిమర కిర్రుమనడం, ఈగ రొద, టోపీపై నీటిచుక్కల చప్పుడు ఉత్కంఠను పెంచుతాయి. ఇది శైలి బలం.

మౌత్ ఆర్గాన్ వాయించే నాయకుడి పగకు కారణం చివరి ద్వంద్వయుద్ధంలోగాని తెలియదు. మెడకు ఉరితాడున్న అన్నను భుజాలపై మోస్తున్న బాలుడి నోట్లో ప్రతినాయకుడు ఫ్రాంక్ ఆ వాద్యాన్ని కుక్కుతాడు. మనం విన్నది ఏడుపని అప్పుడు అర్థమవుతుంది.

అయితే అంతవరకు నాయకుడు మనిషిగా దగ్గర కాడు. భర్తను పోగొట్టుకున్న జిల్ దుఃఖానికీ తగిన చోటు దక్కలేదు. ఇక్కడ శైలి గాయాన్ని చూపిందా, కప్పిందా? ఒక దృశ్యం ఆధారంగా మీ అభిప్రాయం రాయండి.