మిడ్-సైడ్ ధ్వనిసంస్కరణలో ‘మధ్య’ అంటే గాత్రమేనా? – విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం: స్టీరియో సంగీతాన్ని మిడ్, సైడ్ అనే రెండు అంశాలుగా విడదీసి సవరించే ప్లగిన్లు మిక్సింగ్, మాస్టరింగ్ దశల్లో విరివిగా వాడుకలో ఉన్నాయి. ‘మిడ్ అంటే గాత్రం, సైడ్ అంటే వాద్యాలు’ అన్న అవగాహన ఎంతవరకు సమంజసమో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: మిడ్-సైడ్, స్టీరియో, మాస్టరింగ్, గ్రామఫోను రికార్డు, పాఠపరిష్కరణ.

1. ఉపోద్ఘాతం:
గేయసాహిత్యాన్ని అధ్యయనం చేసేవారికి ముద్రిత పాఠంతో పాటు ధ్వనిముద్రిక కూడా ఆకరమే. ముద్రిత పాఠానికి పరిష్కర్త ఉన్నట్లే ధ్వనిముద్రికకు మిక్సింగ్, మాస్టరింగ్ ఇంజనీర్లు ఉంటారు. వారి చేతిలోని పనిముట్టు ఏం చేస్తుందో తెలిస్తేనే శ్రోతకు అందిన పాఠాన్ని సరిగా అంచనా వేయగలం.

2. చారిత్రక నేపథ్యం:
ఎడమ, కుడి సంకేతాల మొత్తాన్ని, భేదాన్ని వేరుచేసి, మార్చి, తిరిగి కలిపే ఆలోచన కొత్తది కాదు. ఆలన్ బ్లమ్‌లైన్ 1931 డిసెంబరులో దరఖాస్తు చేసిన బ్రిటిష్ పేటెంటులోనే అది ఉంది. 1961లో అమెరికా ఆమోదించిన ఎఫ్.ఎం. స్టీరియో ప్రసార విధానం కూడా ఈ సూత్రంపైనే నిలిచింది. అందులో ప్రధాన సంకేతం రెండింటి మొత్తమే కనుక మోనో రేడియోలోనూ కార్యక్రమం వినిపిస్తుంది. స్టీరియో రికార్డు గాడిలో మొత్తం ముల్లుకు పక్కవాటు కదలికగా, భేదం పైకీ కిందికీ కదలికగా మారుతుంది. భేదంలో మంద్రధ్వని ఎక్కువైతే ముల్లు గాడి తప్పే ప్రమాదం ఉంది. అందుకే రికార్డు కోసేటప్పుడు సైడ్‌లోని మంద్రధ్వనిని తగ్గించేవారు. నేటి ప్లగిన్లు అదే పనిని కంప్యూటరులో చేస్తున్నాయి.

3. సూత్ర స్వరూపం:
ఎడమ, కుడి సంకేతాలను కూడి సగం చేస్తే మిడ్. ఎడమ నుంచి కుడిని తీసివేసి సగం చేస్తే సైడ్. మిడ్‌కు సైడ్‌ను కలిపితే ఎడమ, మిడ్ నుంచి సైడ్‌ను తీసివేస్తే కుడి తిరిగి వస్తాయి. కాబట్టి మిడ్ అనేది ఒక వాద్యం పేరు కాదు, ఒక స్థలం పేరూ కాదు. అది రెండు సంకేతాల మధ్య సంబంధం. రెండింటిలో సమానంగా ఉన్న ధ్వని మాత్రమే పూర్తిగా మిడ్‌లో ఉంటుంది. గాత్రంతో పాటు బేస్ గిటారు, డ్రమ్ వంటివి కూడా సాధారణంగా అక్కడే ఉంటాయి.

4. ప్రచారంలోని అవగాహన – విమర్శ:
పూర్తిగా ఎడమవైపు మాత్రమే ఉన్న ఒక వాద్యం పరిమాణం 1 అనుకుంటే, దాని మిడ్ 0.5, సైడ్ 0.5. గాత్రాన్ని స్పష్టం చేయాలని మిడ్‌ను సుమారు 6 డెసిబెల్స్ పెంచితే మిడ్ 1 అవుతుంది. తిరిగి కలిపినప్పుడు ఎడమవైపు 1.5, అంతకుముందు ఏమీ లేని కుడివైపు 0.5 వస్తాయి. గాత్రం కోసం చేసిన సవరణ వాద్యం స్థానాన్నే మార్చివేసిందన్నమాట. విస్తృతి కోసం సైడ్‌ను అంతే పెంచితే కుడివైపు వచ్చేది వ్యతిరేక ఫేజ్‌లో ఉన్న 0.5. మోనోలో సైడ్ పూర్తిగా రద్దవుతుంది కనుక, ఒకే స్పీకరున్న ఫోనులో ఆ విస్తృతి మిగలదు.

బీటిల్స్ బృందం 1963 నాటి తొలి ఆల్బమ్ ఇందుకు మంచి ఉదాహరణ. రెండు ట్రాకులపై ముద్రించిన ఆ పాటల స్టీరియో ప్రతిలో గాత్రాలు ప్రధానంగా కుడివైపు, వాద్యాలు ఎడమవైపు వినిపిస్తాయి. అక్కడ మిడ్‌లోనూ సైడ్‌లోనూ గాత్రం, వాద్యం రెండూ ఉంటాయి. మిడ్‌ను గాత్రంగా భావించి చేసే ఏ సవరణ అయినా అక్కడ విఫలమవుతుంది.

5. పాత రికార్డుల సందర్భం:
మోనోలో ముద్రితమైన పాత తెలుగు పాటల పరిస్థితి వేరు. 78 వేగపు గ్రామఫోను రికార్డులో పాట సాధారణంగా పక్కవాటు కదలికలోనే ఉంటుంది. దాన్ని స్టీరియో పికప్‌తో డిజిటల్ చేస్తే పాట మిడ్‌లోకి వస్తుంది. సైడ్‌లో ప్రధానంగా మిగిలేది గీతల, ధూళి రొదలో ఒక భాగం. సైడ్‌ను తొలగిస్తే రొద కొంత తగ్గి మాట తేటపడుతుంది. ‘స్టీరియో అనుభూతి’ కోసం అదే సైడ్‌ను పెంచితే పెరిగేది వాద్యం కాదు, రొద. అయితే భద్రపరిచే మూలప్రతిలో రెండు సంకేతాలనూ యథాతథంగా ఉంచాలి. సవరణ వినికిడి ప్రతికే పరిమితం కావాలి. లేఖకదోషాన్ని సవరించే పరిష్కర్త తాళపత్రాన్ని చెరపడు.

6. ముగింపు:
మిక్సింగ్ దశలో గాత్రం విడి ట్రాకుగా అందుబాటులో ఉంటుంది కనుక దాన్నే నేరుగా సవరించడం ఉచితం. రెండు సంకేతాలు మాత్రమే మిగిలిన మాస్టరింగ్ దశలో మిడ్-సైడ్ ఉపయోగకరమే, కాని స్వల్ప మోతాదులో, మోనోలో విని సరిచూసుకుంటూ వాడాలి. మిడ్ అంటే గాత్రమన్న మాట ఒక ముద్రికకు వర్తించి మరొకదానికి వర్తించకపోవచ్చు. ఆ ముద్రిక ఎలా తయారైందో తెలుసుకున్న తరువాతే సవరణకు పూనుకోవాలి. పాఠపరిష్కరణలో ప్రతుల చరిత్రకు ఉన్న స్థానమే ధ్వనిసంస్కరణలో ముద్రణ చరిత్రకు ఉంది.